బరకం కొనే ముందు కాటా తెప్పించండి

గోదావరి డెల్టాలోని ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాల పాలకవర్గాలకు, రైతు సేవా కేంద్రాల సిబ్బందికి బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

సార్వా, అంటే ఖరీఫ్ వరి, కోతలకు ముందు ధాన్యం ఆరబోయడానికి, కప్పడానికి బరకాలు (టార్పాలిన్లు) తెప్పించేటప్పుడు కొనుగోలు కాగితం మీద మామూలుగా ఒకటే వరస కనిపిస్తుంది: "బరకాలు, 8×6, 250, నీలం." ఇందులో ఒక్క మాటా అబద్ధం కాకుండానే రైతుకు అందే సరుకు సగానికి సగం పల్చనైపోవచ్చు. ఎనిమిది అంటే గజాలా, మీటర్లా? 250 అంటే మైక్రాన్లా (మిల్లీమీటరులో వెయ్యో వంతు), చదరపు మీటరుకు గ్రాములా? నీలం అంటే ఎండను తట్టుకునే మందు కలిసిన నీలమా, ఉత్త రంగేనా? ఇవి తేల్చకుండా ధరలు పిలిస్తే అన్నిటికంటే పల్చటి అర్థం చెప్పుకున్నవాడికే ఆర్డరు దక్కుతుంది. అతణ్ణి మోసగాడని అనడానికీ వీలుండదు, కాగితం మనమే అలా రాసిచ్చాం కాబట్టి.

ముందు కొలత సంగతి. 8×6 గజాలంటే 24×18 అడుగులు, అంటే 40 చదరపు మీటర్లు. 8×6 మీటర్లంటే 48 చదరపు మీటర్లు. చదరపు మీటరుకు 250 గ్రాముల బట్టలో, అంటే 250 జీఎస్ఎమ్‌లో, మొదటిది 10 కిలోలు తూగుతుంది, రెండోది 12 కిలోలు. ఇక 250 మైక్రాన్లు అన్న మాట నేత బరకానికి అసలు నప్పదు. అది సన్నటి పాలిథిన్ పట్టీలను నిలువునా అడ్డంగా నేసిన బట్ట. మందం కొలిచే మైక్రోమీటరు దవడ పట్టీ మీద పట్టీ ఎక్కిన చోట పడితే ఒక అంకె వస్తుంది, పక్కకు జరిగితే ఇంకో అంకె వస్తుంది. అమ్మేవాడు ఏ చోట కొలుస్తాడో చెప్పక్కర్లేదు. మైక్రాన్ల లెక్క నేత లేని సాదా షీటుకు సరిపోతుంది: 100 మైక్రాన్ల సాదా పాలిథిన్ షీటు చదరపు మీటరుకు ఇంచుమించు 92 గ్రాములు. నేత బరకానికి మాత్రం తూకమే కొలత.

గుర్తుపెట్టుకోవాల్సిన లెక్క ఒక్కటే. పొడవు, వెడల్పు అడుగుల్లో గుణించి, దాన్ని జీఎస్ఎమ్‌తో గుణించి, 10,764తో భాగిస్తే ఒక్కో బరకం ఎన్ని కిలోలుండాలో వస్తుంది. 24×18 అడుగుల బరకం 200 జీఎస్ఎమ్ అయితే 8 కిలోలు. అదే బరకం కాటా మీద 5 కిలోలే చూపిస్తే అది 125 జీఎస్ఎమ్ సరుకు, లేబులు మీద ఏమున్నా సరే. లారీ దిగిన రోజునే పది బరకాలు ఏరి తూచండి. ధాన్యం తూచే కాటా సంఘంలో ఉండనే ఉంది.

తూకాన్నీ మాయ చేయొచ్చు, సుద్ద కలిపి. కాల్షియం కార్బొనేట్ పొడి పాలిథిన్ కంటే చవక, బరువు దాదాపు మూడింతలు. కొద్దిగా కలిపితే తప్పేం లేదు, పట్టీలు చీలికలు పోకుండా ఉంటాయని కలుపుతారు కూడా. మోతాదు మించితే మడత పెట్టిన చోట తెల్లగా గీత పడి, అక్కడే చిరుగుతుంది. పరీక్షకు గ్లాసెడు నీళ్లు చాలు. బొటనవేలి గోరంత ముక్క కత్తిరించి, సబ్బు నీళ్లతో రుద్ది, నేత సందుల్లో గాలి పోయేలా వేళ్ల మధ్య నలిపి, నీళ్లలో ముంచి వదలండి. పాలిథిన్ నీటికంటే తేలిక, పైకి రావాలి. సుద్ద సుమారు పది శాతం దాటితే ముక్క అడుక్కి పోతుంది. గాలి పోగొట్టకుండా వేస్తే మాత్రం ఎంత సుద్ద ఉన్నా తేలి మిమ్మల్ని మోసం చేస్తుంది.

పాలిథిన్ అన్నీ ఒకటే అనుకోవడం దగ్గరే సగం పొరపాట్లు మొదలవుతాయి. పేరు ఒకటే, కుటుంబం పెద్దది. కొవ్వొత్తి మైనానికి ఇది దగ్గరి చుట్టం. రెండూ కార్బన్, హైడ్రోజన్ గొలుసులే, మైనానివి పొట్టి, దీనివి చాలా పొడుగు. అందుకే దీన్ని కాలిస్తే ఆరిన కొవ్వొత్తి వాసన వస్తుంది, చుక్కలు చుక్కలుగా కారుతుంది. 1933లో ఇంగ్లాండులోని నార్త్‌విచ్‌లో ఫాసెట్, గిబ్సన్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు విపరీతమైన ఒత్తిడిలో వేరే ప్రయోగం చేస్తుంటే పాత్రలో తెల్లటి మైనంలాంటి పదార్థం మిగిలింది. అలా వచ్చిన రకంలో గొలుసులకు కొమ్మలుంటాయి, దగ్గరగా సర్దుకోలేవు. అది మెత్తన, సాగుతుంది, 110 డిగ్రీల దగ్గర కరుగుతుంది. దాన్నే ఎల్‌డీపీఈ అంటాం. 1953లో జర్మనీలో జీగ్లర్ కనిపెట్టిన ఉత్ప్రేరకంతో మామూలు ఒత్తిడిలోనే కొమ్మల్లేని గొలుసులు తయారయ్యాయి. అవి చిక్కగా సర్దుకుంటాయి కనుక గట్టిగా ఉంటుంది, సుమారు 130 డిగ్రీల దాకా కరగదు. అది హెచ్‌డీపీఈ. పొట్టి కొమ్మలతో చేసిన మూడోది ఎల్ఎల్‌డీపీఈ, దాన్ని పొడిచినా తొందరగా చిల్లు పడదు.

మన ఇళ్లలో ఈ ముగ్గురూ ఉన్నారు. పాల ప్యాకెట్టు ఎల్‌డీపీఈ, ఎల్ఎల్‌డీపీఈ కలిపిన పల్చటి పొర. మేడ మీద నల్ల నీళ్ల ట్యాంకు ఎల్ఎల్‌డీపీఈ. నీలం డ్రమ్ము, బోదె దాటించే నల్ల పైపు హెచ్‌డీపీఈ. కడియం నర్సరీల్లో మొక్కలు పెట్టే నల్ల సంచి ఎల్‌డీపీఈ. రొయ్యల మేత బస్తా మాత్రం ఈ ఇంటిది కాదు. అది పాలీప్రొపిలీన్, లోపలి పల్చటి సంచి మాత్రం పాలిథిన్. తోటల్లో నీళ్లు పారించే బూడిదరంగు పైపు పీవీసీ. అది నీళ్లలో మునుగుతుంది, మంటలోంచి తీస్తే ఆరిపోతుంది, కాలితే ఘాటైన ఆమ్లం పొగ వస్తుంది. ఏది ఏదో తెలియకపోతే అడుగున త్రికోణంలో ఉన్న అంకె చూడండి: 2 అంటే హెచ్‌డీపీఈ, 4 అంటే ఎల్‌డీపీఈ, 5 పాలీప్రొపిలీన్, 3 పీవీసీ.

మంచి బరకంలో ఇద్దరు కలిసి పనిచేస్తారు. లోపల హెచ్‌డీపీఈ పట్టీల నేత ఉంటుంది, లాగుడు తట్టుకునేది అదే. రెండు వైపులా ఎల్‌డీపీఈ పూత ఉంటుంది, నీళ్లు ఆపేది అది. ఒకే వైపు పూత వేసిన సరుకు ధర తక్కువ, కానీ పూత లేని వైపు పట్టీలు వేలికి తగులుతూ పోగులు లేస్తాయి. గోటితో గీకి చూడండి. పూత పొరలా లేచి వస్తే అది సరిగా అతకలేదు, రెండు వానలకే ఊడిపోతుంది.

ఇక ఎండ. పాలిథిన్‌ను ఉప్పు ఏమీ చేయలేదు, యూరియా, మామూలు ఆమ్లాలు, సముద్రపు గాలి ఏమీ చేయలేవు. దాన్ని చంపేది ఎండలోని అతినీలలోహిత కిరణం. అది గొలుసులను తెంపుతుంది, గాలిలోని ఆక్సిజన్ ఆ తెగిన చోట్లలో చేరి ఇంకా తెంపుతుంది. మైనానికి, పాలిథిన్‌కు తేడా గొలుసు పొడవే కదా. పొడవు పోతే బలం పోతుంది, చేత్తో నలిపితే పొడి రాలుతుంది. దీనికి మందులు రెండు. ఒకటి కార్బన్ బ్లాక్, మంచి నల్ల పైపుల్లో 2 నుంచి 3 శాతం మధ్య కలుపుతారు, అందుకే అవి ఏళ్ల తరబడి ఎండలో పడున్నా ఉంటాయి. రెండోది హాల్స్ అనే స్థిరీకరణ మందు, రంగు బరకాల్లో వాడతారు. గంధకం మందులు తగిలితే ఈ హాల్స్ పనిచేయడం మానేస్తుంది. తోటకు గంధకం చల్లి, ఆ డబ్బాలు బరకంలో చుట్టిపెట్టే అలవాటు ఉంటే మానుకోమని రైతులకు చెప్పండి. నీలం రంగుకు, ఎండను తట్టుకోవడానికి ఏ సంబంధమూ లేదు.

మందు కలిపారో లేదో కంటితో తెలియదు. ప్రయోగశాలలో తేలుతుంది. విజయవాడ దగ్గర సూరంపల్లిలో సీపెట్ అనే కేంద్ర ప్రభుత్వ ప్లాస్టిక్ సంస్థ ఉంది, పెద్ద ఆర్డరు అయితే ఒక నమూనా పంపడం దండగ కాదు. చిన్న ఆర్డరుకు చవక పద్ధతి ఒకటుంది. ఏప్రిల్ మొదట్లో సరఫరాదారు దగ్గర అడుగు పొడవున్న ముక్క తీసుకుని సగం సంఘం మేడ మీద దక్షిణం ఎండ తగిలేలా మేకులు కొట్టి ఉంచండి, మిగతా సగం బీరువాలో పెట్టండి. జూన్ మొదట్లో రెండింటినీ చివర చిన్న గాటు పెట్టి చేత్తో చింపండి. బయట ఉన్నది కాగితంలా చిరిగితే ఆ సరుకు వద్దు. సార్వా కోతలకు ఇంకా అయిదారు నెలలుంటాయి కనుక వేరే చోట కొనుక్కోవచ్చు.

కాగితం మీద రాయాల్సిన వాక్యం ఇలా ఉంటే చాలు: "ఐఎస్ 7903 ప్రమాణానికి సరిపడే హెచ్‌డీపీఈ నేత బరకం, రెండు వైపులా ఎల్‌డీపీఈ పూత, ఎండను తట్టుకునే మందు కలిపినది, కొలత మీటర్లలో ఇంత, జీఎస్ఎమ్ ఇంత, ఒక్కో బరకం కనీస తూకం ఇన్ని కిలోలు, అంచులు తాడు పెట్టి మడిచి అతికినవి, మీటరుకొక అల్యూమినియం లేక ఇత్తడి రింగు, తయారైన నెల, సంవత్సరం బరకం మీదే ముద్రించినవి." చెప్పిన తూకానికి అయిదు శాతం మించి తగ్గితే వెనక్కి పంపుతామని కింద ఇంకో ముక్క కలపండి. ఇనుప రింగులు ఒప్పుకోవద్దు. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పు గాలికి ఒక సీజనులోనే తుప్పు పట్టి బట్టను కోస్తాయి. ఆరబోతకు, కప్పడానికి 200 జీఎస్ఎమ్ సరిపోతుంది. రోడ్డు మీద పరిచి పైన ట్రాక్టర్లు తిరిగేచోట 250 తీసుకోండి. అంతకు మించితే ఇద్దరు మనుషులు మడవలేక రైతు దాన్ని ఎండలోనే వదిలేస్తాడు, బలం కోసం పెట్టిన డబ్బు ఎండకే పోతుంది.

ఎన్ని ఇవ్వాలి అన్నదానికీ లెక్క ఉంది. ఎకరానికి 40 బస్తాలు, అంటే 3,000 కిలోల ధాన్యం అనుకుంటే అది అయిదు ఘనపు మీటర్లు దాటుతుంది. నాలుగు సెంటీమీటర్ల మందాన పరిస్తే సుమారు 130 చదరపు మీటర్లు కావాలి. 24×18 అడుగుల బరకాలు మూడు దాటి కావాలి. మనిషికి ఒకటే ఇస్తే ఆ 40 బస్తాలూ దానిమీద ఒక్కసారే పోస్తారు. మందం పన్నెండు సెంటీమీటర్లు దాటుతుంది, పైన గింజ ఎండి అడుగున చెమ్మ నిలిచిపోతుంది. కొనుగోలు కేంద్రంలో 17 శాతం తేమ దగ్గర తిరగ్గొట్టేది ఆ అడుగు గింజనే. రైతుకు ఒకటి చొప్పున పంచే బదులు కోత వరుసను బట్టి నాలుగేసి బరకాల కట్టలను అద్దెకు తిప్పడం మేలని మా అభిప్రాయం.

వాడకంలో జరిగే తప్పుల్లో పెద్దది తడి ధాన్యాన్ని పట్టపగలు బరకంతో మూసి ఉంచడం. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వానకు తడిసినప్పుడు ఏమైందో మీకు గుర్తుండే ఉంటుంది. పాలిథిన్ నీటి ఆవిరిని దాదాపు బయటికి పోనివ్వదు. లోపల గింజ ఊపిరి పీలుస్తూనే ఉంటుంది, వేడి పుడుతుంది. ఆవిరి లేచి బరకం లోపలి వైపు చుక్కలుగా అంటి మళ్లీ రాశి మీదే రాలుతుంది. రెండు రోజుల్లో రంగు మారుతుంది, ఆ తరువాత మొలక. వాన తగ్గిన గంటలోనే ఒక వైపు అంచు ఎత్తి వెదురు కర్రల మీద నిలబెట్టి గాలి ఆడనివ్వాలి. రాత్రి మంచుకు కప్పి, పొద్దున్న బరకం మీది మంచు ఆరాక తీయాలి. తడి ఉండగా లాగితే ఆ నీళ్లన్నీ గింజ మీదే పడతాయి.

ఆరబోసేటప్పుడు బరకం కింద గడ్డి పరవండి. మన నల్లమట్టి కళ్లంలో కిందనుంచి చెమ్మ వస్తూనే ఉంటుంది, రాళ్లుంటే పూతకు చిల్లులు పడతాయి. అరగంటకోసారి తిరగదోయాలి. దాళ్వా, అంటే రబీ, ఎండలో మిట్టమధ్యాహ్నం గింజ మరీ వేడెక్కితే లోపల పగుళ్లు వస్తాయి, మిల్లులో నూక పెరుగుతుంది. ఆ రెండు గంటలు గింజను దగ్గరికి లాగి రాశి చేస్తే సరిపోతుంది.

గాలివాన ముందు కప్పేటప్పుడు చాలామంది రింగులకు తాడు బిగించి గూటాలకు కడతారు. ఈదురుగాలికి ఆ ఒక్క రింగు దగ్గరే లాగుడు అంతా పడి, రింగు ఊడి, చిరుగు మధ్యదాకా పాకుతుంది. రింగుకు, తాడుకు మధ్య పాత సైకిల్ ట్యూబు ముక్క ఒకటి వేస్తే ఆ కుదుపు ట్యూబు మింగుతుంది. రాశి మీద బరకం పైనుంచి తాడును వలలా అడ్డంగా నిలువుగా వేసి, అంచుల మీద ఇసుక బస్తాలు పెట్టండి. బరకం రెపరెపలాడకుండా ఉండడమే ముఖ్యం, ఆ రెపరెపలకే మడత గీతలు తెగుతాయి. రాశి తల చదునుగా వదలొద్దు. పది సెంటీమీటర్ల లోతు నీళ్లు ఒక చదరపు మీటరు మేర నిలిస్తే అది వంద కిలోల బరువు.

చిరుగుకు అతుకు వేసే విషయంలో రైతు సేవా కేంద్రాలు ఒకసారి చేసి చూపిస్తే బాగుంటుంది. పాలిథిన్‌కు మామూలు జిగురు ఏదీ పట్టదు. సైకిల్ సొల్యూషన్, ఫెవికాల్, పీవీసీ పైపుల సిమెంటు అన్నీ ఆరాక పెంకులా ఊడతాయి. దీన్ని నమ్మకంగా అతికేది వేడే. చిరుగు రెండు వైపులా నాలుగేసి వేళ్లు వచ్చేలా అదే రకం బరకం ముక్క కోసి, మూలలు గుండ్రంగా కత్తిరించి, మట్టి, చెమ్మ లేకుండా పొడిగుడ్డతో తుడవండి. కింద చెక్క పలక, పైన బటర్ పేపరు పెట్టి, ఇస్త్రీ పెట్టెను సిల్కు, ఉన్ని గుర్తుల మధ్య పెట్టి అయిదారు సెకన్లు నొక్కండి. పూత కరిగి అతకాలి, లోపలి నేత కరగకూడదు. ఆ రెండింటికీ మధ్య తేడా ఇరవై డిగ్రీలే కనుక ముందు పనికిరాని ముక్క మీద చూసుకోండి. నేత ముడుచుకుపోతే వేడి ఎక్కువైంది. పెట్టె తీయగానే చల్లటి ఇనుప పలక పెట్టి పూర్తిగా చల్లారేదాకా కదపొద్దు. కడగాల్సి వస్తే ఉత్త నీళ్లు చాలు, సర్ఫు వద్దు. లాగుడు మీద ఉన్న హెచ్‌డీపీఈకి సబ్బు తగిలితే సన్న పగుళ్లు త్వరగా వస్తాయి. సబ్బు నీళ్ల డ్రమ్ములు అడుగు అంచున పగిలేది ఇందుకే.

బరకాన్ని దానిది కాని పనికి వాడడం గురించి రెండు మాటలు. భీమవరం, ఉండి వైపు చిన్న రొయ్యపిల్లల తొట్లకు బరకం పరిచేవాళ్లున్నారు. పూతలో సూది చిల్లులు ఉంటాయి, నీటి అంచున ఎండ తిని పోతుంది. దానికి వేరే సరుకు ఉంది: 500 మైక్రాన్ల హెచ్‌డీపీఈ జియోమెంబ్రేన్ (నీళ్లు ఇంకనివ్వని షీటు), లేదా ఐఎస్ 15351 ప్రమాణపు నేత రకం, అతుకులు వేడి యంత్రంతో వేసినవి. దాన్ని మిట్టమధ్యాహ్నం బిగుతుగా పరవొద్దు. 50 మీటర్ల పొడవున 20 డిగ్రీల తేడాకు 15 నుంచి 20 సెంటీమీటర్లు సాగి ముడుచుకుంటుంది, తెల్లారేసరికి మూలలు లాగేస్తుంది. డెల్టాలో భూగర్భజలం పైనే ఉంటుంది కనుక వానాకాలం చెరువు ఖాళీగా ఉంచితే షీటు కిందికి నీళ్లు చేరి బుడగలా లేస్తుంది. అడుగున నీరు పోయే గొట్టాలు, గట్టు మీద గాలి పోయే రంధ్రాలు పెట్టాలి. గోదాముల్లో పురుగు మందు పొగ పెట్టడానికీ నేత బరకం పనికిరాదు. ఆ పని శిక్షణ ఉన్నవాళ్లే చేయాలి, గ్యాసు బయటికి పోనివ్వని షీటు వాళ్లే తెస్తారు.

చివరికి పాతబడిన బరకం. పొడి రాలడం మొదలైందంటే దాన్ని పొలంలో వదలొద్దు. కోత యంత్రం కింద పడి ముక్కలై మట్టిలో కలుస్తుంది, ఆ ముక్కలు మళ్లీ ఏరలేం. గడ్డితో కలిపి తగలబెట్టనివ్వొద్దు కూడా. సంఘం ఆవరణలో ఒక మూల గోనె సంచులు కట్టి, పాతది తెచ్చినవాళ్లకు కొత్త అద్దెలో కొంత తగ్గించండి. రింగులు కోసి తీసి, మట్టి దులిపి, పీవీసీ పైపు ముక్కలు, మేత బస్తాలు కలవకుండా వేరు చేస్తే పాత సామాన్లవాళ్లు కిలో లెక్కన కొంటారు. కలిపి ఇస్తే ఆ కుప్పకు ధర రాదు. పీవీసీ కలిసిన పాలిథిన్ కరిగించేటప్పుడు ఆమ్లం వదిలి యంత్రాన్ని తింటుంది, అందుకే వాళ్లు ముట్టుకోరు. ఈ సార్వాకు పిలిచే ధరల కాగితంలోనే, సరఫరాదారు ఎన్ని కొత్తవి ఇస్తే అన్ని పాతవి తూచి వెనక్కి తీసుకోవాలన్న షరతు రాయండి.

ఇట్లు,
పాలిథిన్ షీట్ల పని తెలిసిన కొందరం